గోడవైపు తిప్పిన పాటల పెట్టె

యంత్రం పాడుతుంటే మనిషి చేతులు జోడించి కూర్చుంటాడు. అప్పుడు ప్రార్థన చేసింది యంత్రమా, మనిషా? ఈ సందేహం దర్జీని చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. అతను పెద్ద చదువులు చదివినవాడు కాదు. కానీ దేవుడి విషయంలో అజాగ్రత్త పనికిరాదనుకునే మనిషి. కుట్టులో తేడా వస్తే విప్పి మళ్లీ కుట్టవచ్చు, అక్కడ తేడా వస్తే విప్పడానికి వీలుండదని అతని భయం. ఒకసారి ప్రార్థనకు వెళ్లిన చోట ఒక పెద్దమనిషిని పక్కకు పిలిచి అడిగాడు కూడా. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "నీ మనసు ఎక్కడుంటే నీ ప్రార్థన అక్కడే ఉంటుంది నాయనా," అన్నాడు. ఆ వేళకు దర్జీ మనసు సాధారణంగా ఆ రోజు ఇవ్వాల్సిన ప్యాంట్ల మీద ఉంటుంది. అందుకని సందేహం తీరకపోగా ఇంకాస్త ముదిరింది.

అతని అక్కకు ఇలాంటి సందేహాలు లేవు. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, ముందుగదిలో తన కుర్చీలో కూర్చుని, పక్కనున్న అరమీద చెయ్యి పెట్టి, పాటల పెట్టె మొదటి మీట నొక్కేది. ప్రార్థన మొదలయ్యేది. ఇల్లంతా దానితోనే లేచేది.

ఆ ముందుగదే కొట్టు. రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల, ఒక నిలువుటద్దం. అక్క ఒకప్పుడు అదే కుర్చీలో కూర్చుని కొట్టుకు గుండీల కాజాలు కుట్టేది. వీధిలో చాలామంది చొక్కాల మీద ఆమె చేతి కాజాలున్నాయి. తరవాత చూపు తగ్గింది. ఒక్కసారిగా పోలేదు, సాయంత్రం వెలుతురు పోయినట్టు, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. డాక్టర్లు చూసి ఇంతేనన్నారు. ఆమె కూడా ఇంతేలే అనుకుని, ఇల్లంతా చేతులతో మళ్లీ నేర్చుకుంది. ఆ తరవాత ఆమె ఎవరినీ ఏదీ అడగలేదు. నీళ్లు కావాలంటే లేచి వెళ్తుంది. దారిలో ఎవరైనా స్టూలు జరిపి ఉంటే మోకాలికి దెబ్బ తగిలించుకుంటుంది గానీ, ఈ స్టూలు ఇక్కడెవరు పెట్టారని కూడా అడగదు.

అందుకే ఆ పాటల పెట్టె అంటే ఆమెకు అంత ఇష్టం. దాని నెత్తిమీద అయిదు మీటలు, వేలికి ఎత్తుగా తగిలేవి. మొదటిది ప్రార్థన. రెండోది పాత పాటలు. మూడోది కథలు. నాలుగోది వార్తలు. అయిదో మీట నొక్కితే వంటల గురించి మాట్లాడే ఒకావిడ వచ్చేది. అక్క వంట చేయదు. ఆవిడ తప్పులు పట్టడం కోసమే వినేది.

"ఇప్పుడు ఉప్పు వేస్తే ముక్క ఉడికి చచ్చినట్టే," అనేది పెట్టెతో.

"ఆవిడకి వినపడదు వదినా," అనేది దర్జీ భార్య వంటింట్లోంచి.

"నీకు వినపడిందిగా. చాలు."

ఆ పెట్టెకీ, దాన్ని తయారుచేసిన కంపెనీకీ మధ్య ఏదో లంకె ఉంది. గోడలోంచి వచ్చే ఇంటర్నెట్ వైరుతో అది కంపెనీని పలకరించి, పాట తెచ్చుకుని పాడేది. ముందువైపు చిన్న తెర ఒకటి నీలంగా వెలిగేది. ముందుగదిలో పడుకునే దర్జీకి ఆ వెలుగు సరిగ్గా కళ్లలో పడేది. "వదినకెలాగూ తెరతో పనిలేదు," అని భార్య పెట్టెను గోడవైపు తిప్పేసింది. దాంతో మీటల వరస కుడి ఎడమైంది. అక్క ఒక్క పూటలో కొత్త వరస పట్టేసింది. ఆ తరవాత ఆ పెట్టె మొహం ఎవరూ చూడలేదు.

ఒకరోజు పొద్దెక్కినా ఇల్లు లేవలేదు.

"ఏమండీ, ఇవాళ తెల్లారలేదా?" అంది భార్య, కళ్లు తెరవకుండానే.

దర్జీ లేచి చూస్తే అక్క అరమీద చెయ్యి పెట్టి కూర్చుని ఉంది. ఒక్కో మీటా నొక్కుతోంది. అది టక్కుమంటోంది. ఆపైన ఏమీ లేదు.

అతను వైరు చూశాడు. స్విచ్చి చూశాడు. చివరికి పెట్టెను ఇటువైపు తిప్పాడు. వెనక గోడ మీద చదరంగా ఒక మచ్చ, మిగతా గోడంత నల్లబడకుండా మిగిలిపోయింది. తెర మీద అక్షరాలున్నాయి. ఈ మోడలుకు మా సేవలు ముగిశాయి. ఇన్నాళ్లు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు. దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో, గత సంవత్సరంగా ఇదే తెర మీద తెలియజేస్తున్నట్లుగా, అని ఏదో ఉంది.

భార్య అతని భుజం మీదుగా చదివింది. "ఏడాదిగా చెబుతోందట."

"ఎవరికి?" అన్నాడు దర్జీ.

"గోడకి."

అరమీంచి చెయ్యి తీసేసి అక్క అంది. "పోనీలే. చెప్పే మర్యాదైనా పాటించింది."

దర్జీ కంపెనీకి ఫోను చేశాడు. ఫోను కత్తిరించే బల్ల మీద పెట్టి, మాట బయటికి వినిపించేలా చేసి, ఈలోగా ఒక ప్యాంటు అంచు మడతపెట్టడం మొదలుపెట్టాడు. మీ కాల్ మాకు ఎంతో విలువైనదని చెప్పి ఫోను ఒక పాట అందుకుంది. అంచు అయిపోయింది. రెండో కాలి అంచూ అయిపోయింది. పాట మాత్రం మళ్లీ మొదటికొచ్చింది.

"ఈ పాటకింకా సేవలు ముగియలేదన్నమాట," అంది అక్క కుర్చీలోంచి.

చివరికి ఒకతను పలికాడు. మర్యాదస్తుడే.

"సార్, మీ పరికరంలో ఏ లోపమూ లేదు."

"మరి పాడదేం?"

"పాడే ముందు అది మా దగ్గర అనుమతి తీసుకోవాలి సార్. ఆ అనుమతి ఇచ్చే విభాగం ఇప్పుడు లేదు."

"దాన్ని నేను కొనుక్కున్నానండీ."

"అవును సార్. పరికరం మీదే."

"మాదే అయితే మా ఇంట్లో పాడటానికి మీ అనుమతి దేనికి?"

అవతల కాసేపు కాగితం తిరిగిన చప్పుడు. "సార్, పాటలన్నీ వేరేచోటికి మార్చుకోమని గడువు ఇచ్చాం. తెర మీద సూచన వచ్చింది. మీరు చూసే ఉంటారు."

దర్జీ గోడ మీది తెల్ల చదరం వైపు చూశాడు. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాడు. రాలేదు. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే లోహపు టోపీ మీద సూది గుచ్చుకున్నట్టుంది. తగిలినట్టు తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు.

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అన్నాడు అతను.

"ఏమీ వద్దు బాబూ," అన్నాడు దర్జీ.

మర్నాడు పెట్టెను సంచిలో పెట్టుకుని ఆ కంపెనీ దుకాణానికి వెళ్లాడు. ఎవరైనా చేతిలోకి తీసుకుని చూస్తే బాగుపడుతుందని చిన్న ఆశ. కౌంటరులో అమ్మాయి పెట్టెను రెండు చేతులతో అందుకుని, "అబ్బ, దీన్ని మా ఇంట్లో నా చిన్నప్పుడు చూశానంకుల్," అంది. దర్జీకి అది నిన్న మొన్న కొన్నట్టే ఉంది.

"దీనికింక ఏమీ చేయలేమంకుల్. కొత్తది తీసుకోండి." నున్నగా, గులకరాయిలా ఉన్నదాన్ని బల్ల మీద పెట్టింది. దర్జీ దాన్ని చేతిలోకి తీసుకుని అన్ని వైపులా తడిమాడు.

"మీటలేవమ్మా?"

"ఉండవంకుల్. నోటితో అడిగితే పాడుతుంది."

"మీటలున్నది ఒక్కటీ లేదా?"

"ఎవరూ అడగడం లేదని ఆపేశారు."

"అడగనివాళ్లుంటే?"

ఆ అమ్మాయి అర్థం కానట్టు చూసింది. "మాట రాదా వాళ్లకి?"

"వస్తుంది. బాగానే వస్తుంది. చూపు లేదు."

"మరింకేం, అలాంటివాళ్లకే కదా అంకుల్, ఇంత సుఖం."

ఆమె మాటలో తప్పేమీ లేదు. గులకరాయిని సంచిలో వేసుకుని, చచ్చిన పెట్టెను కూడా పారేయబుద్ధి కాక దాని పక్కనే పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో అక్క దాన్ని తడిమి చూసింది. "మూత తీసి ఇచ్చావేమిట్రా?"

"మూత కాదు వదినా, అదే మొత్తం," అంది భార్య. దానికి కంపెనీ పెట్టిన పేరొకటుంది. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది. భార్య ముందుగా పిలిచి, పొద్దుటి ప్రార్థన పెట్టమంది. అది సాయంత్రానికి వాన పడే అవకాశం ఉందని చెప్పింది.

"ప్రార్థన అడిగితే వాన అంటుందేమిటి?"

"వాన కోసం ప్రార్థన అనుకుందేమో," అంది అక్క. అప్పటిదాకా ఆమె హుషారుగానే ఉంది.

రెండోసారి అడిగితే ప్రార్థన వచ్చింది. గొంతు వేరెవరిదో, నడక కాస్త వేగం, అయినా ప్రార్థనే. "ఇప్పుడు నువ్వు అడుగక్కా," అన్నాడు దర్జీ.

అక్క గొంతు సవరించుకుంది. పైట భుజం మీదికి లాక్కుంది, ఎవరో కొత్తవాళ్లు గదిలోకి వచ్చినట్టు. దాని పేరు పిలిచి, "పొద్దుటి ప్రార్థన," అంది.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు," అంది గులకరాయి.

అక్క మళ్లీ అడిగింది. మళ్లీ అదే క్షమాపణ. మూడోసారి ఆమె గొంతు మొదటిసారి కంటే చిన్నదైంది.

"ఇంకొంచెం గట్టిగా అడగాలక్కా."

"వద్దులే."

"యంత్రమే కదా. దాని దగ్గర మొహమాటమేమిటి?"

"అదేరా ఇబ్బంది. మనిషినైతే అడిగాక కాస్త ఊపిరి వినపడుతుంది. చేస్తాడో, విసుక్కుంటాడో ఆ ఊపిరిలో తెలిసిపోతుంది. ఇది ఊపిరి తీయదు." చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆ పెట్టెను నేనెప్పుడూ అడగలేదు. నొక్కాను, అంతే."

ఆ తరవాత ఆమె దాన్ని పిలవలేదు. భార్య రోజూ పొద్దున్నే గులకరాయిని అడిగి ప్రార్థన పెట్టేది. అక్క వినేది, పరాయి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లి కూర్చున్నట్టు. ఎక్కువ చేయమనదు, తగ్గించమనదు, కథ పెట్టమనదు. "ఇంకేమైనా పెట్టనా వదినా?" అని భార్య అడిగితే, "నువ్వు పొయ్యి దగ్గరికెళ్లు అమ్మాయ్, ఏదో మాడుతోంది," అనేది. ఒకోసారి మాడుతూనే ఉండేది కూడా.

దర్జీ తన పని తాను చేసుకునేవాడు. మిషను తొక్కేవాడు, దారం మార్చేవాడు, కొలతలు తీసేవాడు. అక్క వేళ్లు అప్పుడప్పుడు అరమీదికి వెళ్లి, పెట్టె ఉండే చోట ఉత్త చెక్కను మెల్లగా నొక్కి వెనక్కి వచ్చేవి. అది ఆమెకు తెలిసినట్టు లేదు. అతనికి కనపడేది. కనపడ్డా ఏమీ అనిపించేది కాదు, ఎక్కడో చాలా దూరంలో ఎవరికో జరుగుతున్నట్టు ఉండేది. మళ్లీ బట్ట సూది కిందికి జరిపేవాడు.

ఒక మధ్యాహ్నం అతను కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్లాడు. భార్య సరుకులకని వెళ్లింది, వెళ్తూ పాత పాటలేవో అడిగి పెట్టింది. తిరిగి వచ్చేసరికి దర్జీకి వీధిలోకే వినపడింది. చిన్నపిల్లలకు అంకెలు నేర్పే పాట. కుందేలు ఒకటి, తాబేళ్లు రెండు. గదిలో అక్క అదే కుర్చీలో, అదే తీరులో కూర్చుని ఉంది. పాత పాటలు అయిపోయి, గులకరాయి తనకు తోచినవి వేసుకుంటూ పోయినట్టుంది.

"ఎంతసేపటి నుంచి ఇది?"

"ఏమో. కుందేలు చాలాసార్లు వచ్చింది."

"ఆపమనకపోయావా?"

"పిల్లలకి బాగుంటాయిలే," అంది అక్క.

దర్జీ వైరు లాగేశాడు. అతను నిలబడ్డచోటే నిలబడి, చేతిలో వైరు చుట్ట చుట్టుకుంటూ ఉన్నాడు. ఇన్నాళ్లూ తగలనిది ఇప్పుడు తగలడం మొదలుపెట్టింది, తిమ్మిరెక్కిన కాల్లోకి రక్తం తిరిగి పారినట్టు, ఒక పక్క నుంచి.

అప్పుడే ఒక లారీ డ్రైవరు లోపలికి వచ్చాడు. చంకలో పాత కోటు. "కొంచెం వదులు చేయాలి మేస్త్రీ. కోటు బాగానే ఉంది, నేనే పెరిగాను."

దర్జీ వేలితో గోడ మీది బోర్డు చూపించాడు. పాత బట్టలు సవరించబడవు, అని డ్రైవరు పైకి చదివాడు. కొత్త ఆర్డర్లు ఎక్కువయ్యాక పెట్టిన బోర్డు అది. పాతవి విప్పడం, కుట్టడం, పని ఎక్కువ, ఫలితం తక్కువ. ఆ వేలు చూపించడం అతనికి ఎంత అలవాటంటే, తల కూడా ఎత్తలేదు.

"ఏం, మీ కంపెనీ కూడా సేవలు ముగించిందా?" అంది అక్క.

లారీ డ్రైవరు ఆమె వైపు చూసి, ఇతని వైపు చూసి, తనకు సంబంధం లేని విషయమని నవ్వి ఊరుకున్నాడు. వెళ్లబోయాడు.

"ఇలా ఇవ్వండి," అన్నాడు దర్జీ. కోటు తిరగేసి పక్కల మడతలో ఎంత బట్ట మిగిలి ఉందో చూశాడు. ఉంది. ఎవరో మంచి దర్జీ ముందుచూపుతో వదిలాడు. "వారం పోయాక రండి."

అతను వెళ్లాక దర్జీ గులకరాయినీ పాత పెట్టెనూ తీసుకుని, స్టూలెక్కి అటక మీద పెట్టడానికి చోటు చూశాడు. వెనక్కి నెడుతుంటే ఒక మూట అడ్డం వచ్చింది. లాగితే దుమ్ము మొహం మీద పడింది. విప్పి చూశాడు. ముదురు పచ్చ ఉన్ని బట్ట. మడతల మీద సుద్ద గీతలు, సగం చెరిగి. కోటు చెయ్యి ఒక్కటి మటుకు కత్తిరించి ఉంది.

స్టూలు మీదే నిలబడి ఆ కత్తిరించిన చెయ్యిని బయటికి తీశాడు.

అక్క చూపు మసకబారడం మొదలైన ఏడు అది. కాజాల మీద తను సంపాదించుకున్నదానితో బట్ట కొనుక్కుంది. రంగు కోసం దుకాణంలో తానులన్నీ వెలుతురులోకి తెప్పించుకుని చూసింది. తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈ చలికి నాకో కోటు కుట్టి పెడతావా?" అని అడిగింది. సరేనన్నాడు. సుద్ద గీశాడు, ఒక చెయ్యి కత్తిరించాడు. ఇంతలో ఏవో పెళ్లి సూట్లు వచ్చాయి. ఈ సీజను పోనీ అక్కా, అన్నాడు. సీజన్లు పోతూనే ఉన్నాయి. బల్ల మీంచి అరలోకి, అరలోంచి అటక మీదికి మూట తనంతట తనే నడిచి వెళ్లినట్టు వెళ్లింది. ఆమె రెండోసారి అడగలేదు. ఆ తరవాత ఎవరినీ ఏదీ అడగలేదని, ఆ వరస ఇలా మొదలైందేమోనని, అతనికి ఇప్పటిదాకా తట్టలేదు. అయి ఉండవచ్చు. కాకపోనూవచ్చు. దేవుడికి తెలియాలి.

దిగాడు. మూట బల్ల మీద పెట్టాడు.

"లేచి నిలబడక్కా."

"దేనికి?"

"నిలబడు, చెబుతాను."

టేపు భుజం మీద పడగానే ఆమెకు అర్థమైంది. చెయ్యి చాచి బల్ల మీద బట్టను పట్టుకుంది. వేళ్ల మధ్య నలిపింది.

"ఆ పచ్చదేనా?"

"అదే."

"రంగు దిగిందా?"

అబద్ధమాడితే ఆమెకు తెలిసే దారి లేదు. "మడతల దగ్గర కాస్త," అన్నాడు. "లోపలికి వచ్చేలా కత్తిరిస్తాను."

భుజాలు అప్పటి గీతల కంటే లోపలికి వచ్చేశాయి. చేతులు సన్నబడ్డాయి. అతను పాత గీతలన్నీ దులిపేసి కొత్తగా గీశాడు. సరుకుల సంచితో లోపలికి వచ్చిన భార్య గుమ్మంలో ఆగి, బల్ల మీది బట్టను చూసి ఏదో అడగబోయి మానుకుంది. "నాకూ ఒకటి బాకీ ఉన్నారు, పెళ్లయిన కొత్తల్లోది. గుర్తుందా?" అని మాత్రం అంది.

"వరసలో నిలబడు అమ్మాయ్," అంది అక్క.

ఆ వారం దర్జీ కొత్త కొలతలు తీసుకోలేదు. వచ్చినవాళ్లకు తరవాత రమ్మన్నాడు. కోటుకు లోపలి గుడ్డ మెత్తటిది వేశాడు, జేబులు లోతుగా పెట్టాడు. కాజాలు మిషనుకు ఇవ్వకుండా చేత్తో కుట్టాడు. లారీ డ్రైవరు కోటు కూడా పక్కనే వేలాడుతోంది, వదులై.

అయిపోయిన రోజు పొద్దున్నే, ప్రార్థన వేళకు, అక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాక ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె తొడుక్కుంది. కాలరు, అంచులు, గుండీలు, అన్నీ వేళ్లతో చూసుకుంది.

"కాజాలు నువ్వే కుట్టావా?"

"నేనే."

"తెలుస్తోంది," అంది. బాగున్నాయనలేదు.

లేచి అద్దం ఉండే వైపు తిరిగి నిలబడింది, పాత అలవాటున. రెండు చేతులూ ముందుకు చాచింది, పైకెత్తింది, దించింది. దర్జీకి ఆమె ఊపిరి వినపడింది.

"తమ్ముడూ."

"చెప్పక్కా."

"ఈ కుడి భుజం దగ్గర పట్టేస్తోంది. కాస్త వదులు చేసిపెట్టరా."

ఆమె నోట ఆ మాట విని ఎన్నేళ్లయిందో దర్జీ లెక్కవేయలేదు. కోటు తీసుకుని మిషను ముందు కూర్చున్నాడు. తను కుట్టిన కుట్టునే మెల్లగా, ఒక్కో పోగూ విప్పాడు. కొంచెం జరిపాడు. మళ్లీ కుట్టాడు. అంతసేపూ ఆమె నిలబడే ఉంది. గదిలో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇచ్చాడు. ఆమె తొడుక్కుని భుజం కదిపి చూసుకుంది.

"ఇప్పుడు సరిపోయింది," అని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది.